చేపలకు అమ్మ పోసిన మార్గళి

"చేపకు జొరమొస్తే థర్మామీటరు యాడ పెడతావు, చెప్పు నాయనా? నాలిక కింద పెడదామంటే దానికి నాలికే సరిగ్గా లేదు. చంకలో పెడదామంటే చంక లేదు. ఇంక మిగిలిన చోటు నేను చెప్పను, మా ఆడమనిషి వింటా ఉండాది."

"వింటానే ఉండాను," అని వెనక గదిలోంచి పంకజమ్మ గొంతు వచ్చింది. "చెప్పు, చెప్పు. వయసొచ్చిన మనిషివి, ఏమి చెప్తే ఏమి?"

నటేశన్ బొజ్జ కదిలేలా నవ్వి, తువ్వాలుతో కళ్ళు తుడుచుకుని, ఎదురుగా పెన్ను పట్టుకుని కూర్చున్న కుర్రాడితో మళ్ళీ అందుకున్నాడు. "చేపకు జొరమే రాదు అనుకుంటా ఉండావు గదా? నేనూ అట్లే అనుకొంటి. నీళ్ళెంత చల్లగుంటే అదీ అంతే చల్లగుంటాది, దానికి జొరమేంది అని. వస్తాది నాయనా. మనకు ఒంట్లోనే పొయ్యి ఉండాది, మంట పెంచుకొంటాము. దానికి పొయ్యి లేదు. అందుకని ఎండ పడే చోటు ఎతుక్కుంటా పోతాది. పో అని చెప్పేదెవరు? దాని మెదడు. చిటికెనేలి గోరంత ఉండదు ఆ మెదడు. దాని పుణ్యాన నేనింకా ఈ షెడ్డులో కూర్చోనుండాను."

ఆ షెడ్డు గుడియాత్తం బజారు దాటాక, పాత అగ్గిపెట్టెల ఫ్యాక్టరీది. పైన రేకులు, కింద సిమెంటు నేల, వరసగా నీళ్ళ తొట్లు. ఫ్యాక్టరీ నడిచే రోజుల్లో ఎక్కడైనా నిప్పంటుకుంటే చల్లడానికి కట్టించిన తొట్లు అవి. ఇప్పుడు వాటిలో ఎర్రచేపలు, నల్లచేపలు, ఏ రంగో తేల్చుకోలేని చేపలు తిరుగుతున్నాయి. నిప్పార్పడానికి కట్టినవాటిలో నిప్పుల్లాంటి చేపల్ని పెంచుతున్నానని నటేశన్‌కు గర్వం. ఆ మాట కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతాడు. పాతవాళ్ళకు కూడా చెబుతాడు.

వాళ్ళది ఎన్ని తరాల కిందటో ఈ తమిళనాడు పక్కకు వచ్చి స్థిరపడిన తెలుగు వ్యాపారుల ఇల్లు. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం, కోపమొస్తే రెండూ. తెలుగు చదవడం మాత్రం రాదు. తెలుగులో అచ్చేసిన పెళ్ళిపత్రిక ఇంటికొస్తే తేదీ చూసి బయల్దేరి, పెళ్ళెవరిదో అక్కడికి పోయి తెలుసుకునే రకం. తాతనాటి కొట్టు తండ్రి హయాములోనే కరిగిపోయింది. నటేశన్ మీసాలు రాకముందే ఫ్యాక్టరీలో చేరి, పుల్లల తలలకు మందు పట్టించే పని నేర్చాడు. ఆ మందు వాసన ఎంతగా ఒంటికి పట్టేసిందంటే, పెళ్ళిచూపుల్లో పంకజమ్మ వాళ్ళ నాన్న బీడీ వెలిగించుకోడానికి భయపడ్డాడట.

"ఈ జిల్లాలో సగం పొయ్యిలు రాజేసినోడిని నేనే," అంటాడు. "మిగతా సగం లైటర్లు వచ్చి రాజేసినాయి. ఆ పొద్దే మా పని ఆరిపోయింది."

ఫ్యాక్టరీ మూతపడిన కొత్తల్లో పన్ను నొప్పితో వేలూరు వెళ్ళాడు. డాక్టరు గది ముందర ఒక అద్దాలతొట్టి, అందులో ఎర్రచేప. దవడ పట్టుకుని మూలుగుతున్న మనుషులంతా దాన్ని చూస్తూ మూలుగు మరిచిపోయారు. ఒకాయనైతే నవ్వాడు కూడా. నటేశన్‌కు ఆ నవ్వే పట్టుకుంది. "పన్ను పీకించుకోడానికొచ్చినోడు చేపను చూసి నవ్వతా ఉండాడప్పా. నేను అన్నేండ్లు పుల్లలు చేసినానే, ఒక్కడన్నా పుల్లను చూసి నవ్వినాడా?"

పన్ను పీకించుకుని, అదే దవడతో మద్రాసు రైలెక్కి, ప్లాస్టిక్ సంచిలో చేపలు తెచ్చాడు. వాటికి పెరుగన్నం పెట్టాడు. తనకు చలవ చేసేది చేపకు చెయ్యదా అని ఆయన లెక్క. అవి పోయాయి. మళ్ళీ తెచ్చాడు. అడిగీ, చూసీ, చంపుకునీ నేర్చుకున్నాడు. కొన్నేళ్ళకు వేలూరు, చిత్తూరు అంగళ్ళవాళ్ళు చేపల కోసం గుడియాత్తం రావడం మొదలుపెట్టారు.

ఇంతలో ఫ్యాక్టరీ యజమాని షెడ్డును బలరామయ్యకు అమ్మేశాడు.

బలరామయ్య కట్చి మనిషి, అంటే రాజకీయ పార్టీ మనిషి. ద్రావిడ కళగాల్లోంచి చీలిన కళగం, అందులోంచి చీలిన ఇంకో కళగం ఆయనది. పేరు చెబితే మిగతా కళగాలవాళ్ళు నొచ్చుకుంటారని నటేశన్ చెప్పడు. బలరామయ్య కూడా తెలుగాయనే. మైకు ముందర అచ్చ తమిళం, మైకు తీసేస్తే అచ్చ తెలుగు. దేవుడు లేడని ఆయన చెప్పినంత బాగా ఆ చుట్టుపక్కల ఎవరూ చెప్పలేరు. వినడానికి పూజారులు కూడా వచ్చి కూర్చునేవాళ్ళట.

ఒకరోజు ఆయన షెడ్డుకు వచ్చి, తొట్లన్నీ చూసి, ఒక నల్లచేప దగ్గర ఆగిపోయాడు. ఉబ్బిన కళ్ళు, మఖమలు లాంటి నలుపు.

"రేయ్ నటేశా! వేలూరులో మన కట్చి ఆఫీసు కొత్తది తెరస్తా ఉండాము. సంక్రాంతి వచ్చే తై నెలలో మన నాయకుడు, తలైవరే వస్తాడు. వాకిట్లోనే మంచమంత అద్దాలతొట్టి పెట్టిస్తాను. అందులో నల్లచేపలు, ఎర్రచేపలు. మన జెండా ఈదతా ఉన్నట్టు ఉండల్ల."

"సరి అన్నా."

"తెల్లది ఒక్కటి కూడా రాకూడదు. నలుపు, తెలుపు, ఎరుపు అయిందనుకో, అవతలోళ్ళ జెండా అయిపోతాది. నా మానం పోతాది."

"రానీనన్నా."

"ఆ పొద్దు చేపలు బాగా ఈదినాయనుకో, షెడ్డు నీదే, ఇట్లే ఉండు. తలైవర్ ముందర వెల్లకిలా తేలినాయనుకో, నీ సామాన్లు నువ్వే రోడ్డు మీద పెట్టుకో. టూవీలరు షోరూమోడు ఎప్పటి నుంచో అడగతా ఉండాడు."

నవ్వుతూనే అన్నాడు. బలరామయ్య నవ్వుతూ అన్న మాట తప్పడని గుడియాత్తమంతా తెలుసు. నటేశన్ ఆ రాత్రి అన్నం కెలికి వదిలేశాడు. ఉండేది షెడ్డు వెనక గదిలో. తొట్లను భుజాన వేసుకుని ఇంకో చోటికి పోలేడు. ఈ వయసులో ఇంకో పని ఎవరిస్తారు? వేరే ఫ్యాక్టరీ ఏది? వేలూరు పక్క తోళ్ళు శుద్ధి చేసే షాపుల్లో చేరదామన్నా ఆ కంపు పంకజమ్మ ఇంట్లోకి రానివ్వదు.

మార్గళి నెల, అంటే ధనుర్మాసం, వచ్చింది. తెల్లవారితే పొగమంచు, పగలు కరెంటు కోతలు. నీళ్ళలో గాలి బుడగలు తోసే మోటార్లు తిరిగినంతసేపు తిరిగి ఆగిపోయేవి. ఆఫీసు కోసం వేరుగా పెట్టిన తొట్టిలో మొదట ఒక ఎర్రచేప మేత ముట్టలేదు. తర్వాత దాని ఒంటి మీద పొక్కు కనిపించింది. తర్వాత ఇంకొన్నింటికి. రెండు నల్లచేపలు ఉన్నచోటే గిరగిరా తిరగడం మొదలుపెట్టాయి, తాడు వదిలిన బొంగరాల్లాగా. మిగిలినవన్నీ ఒకే మూలకు చేరి మూతులు ఆనించుకుని నిలబడ్డాయి. ఆ మూలన పైరేకుకు చిల్లి. అక్కడ ఎండ పడుతుంది. అది అప్పుడు ఎవరికీ తోచలేదు.

పంకజమ్మ వంగి చూసి, పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఏమయా, అమ్మ పోసినట్టుండాదే!"

"చేపకా?"

"ఏం, చేపది ప్రాణం కాదా? పొక్కులు చూడు. తిండి ముట్టలేదు చూడు. గంగమ్మ నీళ్ళలో ఉండే తల్లి. నీళ్ళలో ఉండేదాన్ని చూడకుండా, వచ్చి నిన్ను చూస్తాదా?"

"ఎండాకాలంలో రావాల్సిన అమ్మ మార్గళిలో వచ్చిందేమి?"

"నిన్నడిగి రావల్లనా ఆమె?"

ఆ సాయంత్రానికి గేటుకు వేపమండలు కట్టేశారు. అమ్మ పోసిన ఇంట్లో ఏమేమి చేస్తారో, ఏమేమి చెయ్యరో పంకజమ్మకు కొట్టినపిండి. తొట్టిలో పసుపునీళ్ళు, వేపాకు. ఇంట్లో తాళింపు బంద్. చేపలకు అమ్మ పోసినందుకు నటేశన్ చప్పిడి పప్పు తిన్నాడు. బయటివాళ్ళు లోపలికి రాకూడదు. ఇంట్లోంచి ఏ వస్తువూ బయటికి పోకూడదు. మందు మాట ఎత్తకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, చలవ. తల్లి వేడి మీద ఉంది, చల్లబరచాలి. పైరేకు చిల్లికి తడిగోనె కప్పారు. అదీ చాలదని బజారులో చేపలమ్మే మునియమ్మ దగ్గర ఐసు తెప్పించారు.

"చచ్చిన చేపల కింద పెట్టే ఐసు తెచ్చి, బతికిన చేపల మీద వేసినాము నాయనా," అంటాడు నటేశన్. "అవేమనుకొన్నాయో ఏమో. ఎట్లాగూ పోయేదే గదా అని తొందరపడి పొయినాయి."

నిజంగానే పోయాయి. మొదట కొన్ని నల్లవి, వాటి వెనకే కొన్ని ఎర్రవి. ఒక్కోదాన్ని తీసి పెరట్లో కొబ్బరిచెట్టు కింద పాతిపెడుతుంటే షెడ్డునే కొంచెం కొంచెంగా పాతిపెట్టినట్టుండేది ఆయనకు.

అప్పుడొచ్చింది కోమల. నటేశన్ చెల్లెలి కూతురు, లత్తేరి పిల్ల. కాట్పాడిలో ఒక ప్రైవేటు యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. బాక్టీరియా సోకినప్పుడు చేప మెదడు తనను తాను ఎలా కాపాడుకుంటుందన్నది ఆమె విషయం. ఇంత చదువు చదివి చేప తలకాయలు కోస్తోందనీ, అదే పని మునియమ్మ ఏ చదువూ లేకుండా చేస్తోందనీ చుట్టాల్లో ఒక ఎకసెక్కం ఉంది. దాన్ని మొదలుపెట్టింది నటేశనే. మామ చేపలు గిరగిరా తిరుగుతున్నాయని ఫోన్లో వినగానే స్కూటరు వేసుకుని వచ్చేసింది. గేటు దగ్గర పంకజమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"లోపలికి రాకూడదు కోమలా. అమ్మ ఉండాది."

"అత్తా, చేపలకు అమ్మేంది?"

"నీ చదువు గేటు బయట పెట్టుకో."

కోమల నిజంగానే చదువుతో సహా గేటు బయటే నిలబడింది. అక్కణ్ణుంచే కేకలేసింది. ఎదురు టీ అంగడివాళ్ళు గ్లాసులు పట్టుకుని బెంచీ ఇటువైపు తిప్పుకున్నారు.

"మామా! చేపలు యాడ నిలబడతా ఉండె?"

"మూలన. రేకు చిల్లి కింద."

"ఎండ పడతాదా ఆడ?"

"పడతా ఉండె. గోనె కప్పినాము."

"అయ్యో మామా! ఆ ఎండే వాటికి మందు. తియ్యండి ఆ గోనె!"

"మందు అనొద్దు!" అంది పంకజమ్మ.

కోమల గొంతు తగ్గించి, గేటు ఊచల మధ్య మొహం పెట్టి చెప్పుకొచ్చింది. "మామా, నెత్తురులో సిపాయిలు తిరగతా ఉంటారు. రోగం వస్తే కొట్లాడేది వాళ్ళే. అయితే మెదడు వాళ్ళను ఊరికే లోపలికి రానీదు. దానికొక గేటు ఉండాది, అత్త గేటు కంటే గట్టిది. లోపల సొంత కావిలోళ్ళు ఉంటారు. మామూలప్పుడు నాలుగుపక్కలా చేతులు చాపి తడుముకుంటా ఉంటారు, అంతా సరిగ్గా ఉండాదా అని. బాక్టీరియా దూరిందనుకో, పట్టుకొని మింగతారు, కేకలేస్తారు. ఆ కేకకు గేటు కొంచెం సందు ఇస్తాది. బయట సిపాయిలు లోపలికొస్తారు."

"రానీ. మంచిదే గదా."

"కొంచెం మంది వస్తే మంచిదే. బలరామయ్య మామ మీటింగుకు లారీల్లో జనాన్ని తోలినట్టు తోలితే? చేప పుర్రెలో యాడుండాది చోటు? పందిరి ఒక పక్కకు ఒరిగిపోదా? అట్లా మెదడు వాచినవే నీ బొంగరాలు."

టీ అంగడిలో ఎవరో నవ్వారు. నటేశన్ నవ్వలేదు. "మూలన నిలబడినవో?"

"వాటికింకా అంత దూరం రాలేదు. ఆ కేకే మెదడుకు ఇంకో మాట చెప్తాది. తినొద్దు, వెచ్చగుండే చోటుకు పో అని. వెచ్చదనంలో సిపాయిలు చురుగ్గా పని చేసి, తొందరగా ముగించుకొని ఎవరిళ్ళకు వాళ్ళు పోతారు. వాపు కూడా ముదరదు. అది చేపకొచ్చే జొరం మామా. అవి ఎండ ఎతుక్కుంటా ఉంటే మీరు ఐసేస్తా ఉండారు."

పంకజమ్మ మెత్తబడలేదు. "అమ్మ ఉండే ఇంట్లో వేడి చేస్తే తల్లికి కోపమొస్తాది. ఊరంతా పాకితే ఎవరు జవాబు చెప్పేది? నీ యూనివర్సిటీ చెప్తాదా?"

"నా బతుకు చూడు నాయనా," అని ఆ ఘట్టం చెప్పేటప్పుడు నటేశన్ రెండు చేతులూ తలకు పెట్టుకుంటాడు. "లోపల కోపమొచ్చే దేవత, పక్కన కోపమొచ్చే పెళ్ళాం, గేటు కాడ కోపమొచ్చే మేనకోడలు, ఊర్లో నవ్వతా కోపమొచ్చే బలరామయ్య. నా మెదడే వాచింది. ఇంకొంచెమైతే నేనే గిరగిరా తిరిగేటోడిని."

అప్పుడే ఆయనకొక ఆలోచన తట్టింది. ఏదైనా తేలకపోతే వాళ్ళ ఇళ్ళలో పూలు కట్టి అడుగుతారు. ఎర్రపువ్వొక పొట్లంలో, తెల్లపువ్వొక పొట్లంలో చుట్టి దేవత ముందర వేస్తారు. ఏ పువ్వుకు ఏ జవాబో ముందే అనుకుంటారు. చేతికొచ్చిన పొట్లం చెప్పిందే తల్లి మాట. పంకజమ్మ పెళ్ళి కూడా అలాగే కుదిరింది. ఆ పొట్లం మార్చి తీసుంటే బాగుండేదని ఇద్దరూ అప్పుడప్పుడు అనుకుంటారు.

"పంకజా, మనమెందుకు కొట్లాడుకునేది? తల్లినే అడగదాము. పూలు కట్టినట్టే కడదాము. తీసేది మాత్రం చేపలే తియ్యనీ."

పెరట్లో పొడుగాటి తొట్టి ఒకటి ఖాళీగా ఉంది. దానికి ఒక సగం పైన వేపమండలు, తడిగోనె కప్పారు. ఇంకో సగం ఎండకు వదిలేశారు. నల్లరంగు పూసిన రేకు ఒకటి నీళ్ళ అడుగున పరిచారు, ఎండను పట్టుకుంటుందని. అది కోమల గేటు దగ్గర్నుంచి చెప్పిన సలహా. మధ్యలో చేపలను వదిలారు. పంకజమ్మ కర్పూరం వెలిగించి, "తల్లీ, నీకు చలవ కావల్లనా, ఎండ కావల్లనా, నువ్వే చెప్పు" అని దండం పెట్టింది.

జబ్బు తగలని చేపలు కాసేపు ఇటు, కాసేపు అటు, సంతకొచ్చినట్టు తిరిగాయి. పొక్కులున్నవి మధ్యలోనే తారాడాయి. ఒక నల్లది వేపాకు నీడలోకి వెళ్ళింది. పంకజమ్మ నటేశన్ వైపు చూసింది. ఆయన గట్టు మీద కూలబడ్డాడు. టూవీలరు షోరూము బోర్డు కళ్ళకు కట్టింది. అంతలో ఆ నల్లది నీడలోంచి వెనక్కి తిరిగి, మెల్లగా, ముసలమ్మ మెట్లెక్కినట్టు ఆగి ఆగి, ఎండ పక్కకు వచ్చి నిలబడింది. దాని వెనక ఇంకోటి. వెనక ఇంకోటి. పొక్కులున్నవన్నీ ఎండలోకి చేరి, నల్లరేకు మీద కడుపు ఆనించుకున్నంత కిందికి దిగాయి. మళ్ళీ నీడ పక్కకు పోలేదు.

"మామా, ఏ పక్క? ఏ పక్క?" అని గేటు మీదికి ఎగబడి కోమల అరుస్తోంది. లాబులో ఆమె చేసేదీ ఇదేనట, పొడుగాటి తొట్టి, ఒక కొస వెచ్చన, ఒక కొస చల్లన. కర్పూరం ఒక్కటే తక్కువ.

పంకజమ్మ చెంపలు వేసుకుంది. "తల్లి ఎండ కోరతా ఉండాది. మనకు తెలవక ఐసేసినామే!"

ఆ తర్వాత ఆమెను ఆపడం కష్టమైంది. తల్లి వేడి కోరిందని బిందెలకు బిందెలు నీళ్ళు మరగబెట్టి తెచ్చింది. "అత్తా, సాంబారు చెయ్యొద్దు! అవి ఎంత వెచ్చన కావాలంటే అంతకు అవే పోతాయి, నువ్వు తొయ్యొద్దు" అని కోమల గేటు దగ్గర మొత్తుకుంది. పొక్కులు మానడానికి నీళ్ళలో ఉప్పు వెయ్యమని కూడా చెప్పింది. ఉప్పు మందు కాదు గదా, ఉప్పే గదా అని పంకజమ్మ ఒప్పుకుంది.

ఆ మధ్యనే బలరామయ్య కారు వచ్చి ఆగింది. తై నెల దగ్గరపడింది, చేపలను చూసుకుందామని వచ్చాడు. కారు దిగి, గేటుకు కట్టిన వేపమండలు చూసి, ఉన్నచోటే నిలబడిపోయాడు. కాళ్ళకున్న చెప్పులు ఎప్పుడు విడిచాడో ఆయనకే తెలియదు.

"ఎవరికి?" అన్నాడు నెమ్మదిగా.

"చేపలకన్నా," అన్నాడు నటేశన్.

ఇంకొకరైతే నవ్వేవాళ్ళు. బలరామయ్య నవ్వలేదు. "నేను ఇవన్నీ నమ్మను, తెలుసు గదా?"

"తెలుసన్నా. నీ ఉపన్యాసం ఎన్నిసార్లు విన్లేదు!"

"మా యింటి ఆడోళ్ళు నమ్ముతారు."

"అవునన్నా."

"ఎన్ని నీళ్ళు పోసినారు?"

అమ్మ దిగిపోయేటప్పుడు వేపాకు, పసుపు వేసిన నీళ్ళు పోస్తారు. మూడు నీళ్ళూ పోసేదాకా ఇల్లు తల్లిదే. నటేశన్ చేతులు కట్టుకుని, "ఇంకా మొదటి నీళ్ళే పొయ్యలేదన్నా. ఈ లోపల మనుషులను కదిలించకూడదు, చేపలను కదిలించకూడదు అంటా ఉండాది మా ఆడమనిషి" అన్నాడు.

బలరామయ్య వేపమండల వైపు ఇంకోసారి చూశాడు. అప్పుడే ఫోన్ తీసి వేలూరుకు మాట్లాడాడు. అచ్చ తమిళంలో. ఆఫీసు గోడలకు సున్నం ఆరలేదనీ, తెరిచే రోజు వెనక్కి జరపాలనీ. ఫోన్ పెట్టేసి, గొంతు తగ్గించి తెలుగులో, "నిదానంగా పొయ్యండి నీళ్ళు, తొందరేం లేదు" అన్నాడు. చెప్పులు చేత్తో పట్టుకునే కారెక్కాడు.

ఆ గడువే చేపలను కాపాడింది. అన్నీ బతకలేదు. బొంగరాల్లా తిరిగినవాటిలో ఒకే ఒక నల్లచేప నిలిచింది. ముందు వంకరగా ఈదింది, తర్వాత తిన్నగా ఈదింది. అది తిన్నగా ఈదిన రోజున కోమలను లోపలికి రానిచ్చారు.

"చెడిపోయిన చోట మెదడు మళ్ళీ మొలుస్తాది మామా, చేపలకు," అందామె తొట్టి మీద వంగి.

"మనకో?"

"మనకంత భాగ్యం లేదు."

"అదీ సంగతి! అందుకే మనోళ్ళు ఒకసారి గిరగిరా తిరగడం మొదలుపెడితే ఆగనే ఆగరు," అన్నాడు నటేశన్.

మూడో నీళ్ళు పోశాక అసలు చిక్కు బయటపడింది. నల్లచేపలకు కడుపు కింద రాగిరంగు దిగింది. అన్నాళ్ళు ఎండలో, వెచ్చటి నీళ్ళలో ఉంచితే ఆ జాతికి నలుపు విడిచిపోవడం ఉన్నదేనని కోమల చెప్పింది. మళ్ళీ నల్లబడతాయా అంటే నమ్మకం లేదంది. ఆఫీసు తెరిచే రోజున నటేశన్ వాటిని తొట్టిలో వదిలి, పైన దీపం ఒక పక్కకు తిప్పి పెట్టాడు, కడుపులు కనపడకుండా. చేపలకు ఆ సంగతి తెలియదు గదా, తలైవర్ అద్దం దగ్గరికి రాగానే మేత పెడతాడేమోనని పైకి లేచి కడుపులన్నీ చూపించాయి.

బలరామయ్య నటేశన్ చెవిలో, "ఏమిరా, నీ చేపలు కట్చి మారతా ఉండాయి!" అన్నాడు.

"నువ్వెన్నిసార్లు మార్లేదన్నా, నీ రంగు మారిందా అని అడగాలని నోటిదాకా వచ్చింది నాయనా," అంటాడు నటేశన్. "షెడ్డు గుర్తొచ్చి మింగేసినాను. అంత రుచి మాటను మింగడం నా బతుకులో అదే మొదలు."

తలైవర్ మాత్రం అద్దానికి వేలు ఆనించి, వేలు వెంట చేపలు తిరుగుతుంటే, వచ్చిన పని మరిచిపోయి నవ్వాడు. పన్ను నొప్పాయన నవ్విన నవ్వే. ఎవరు పెంచారని అడిగాడు. బలరామయ్య నటేశన్ భుజం మీద చెయ్యేసి, అందరికీ వినిపించేలా, "మా తమ్ముడు" అన్నాడు. ఆ మాట మైకులో అన్లేదు గానీ, సాక్షులు చాలామందే ఉన్నారు. వచ్చేటప్పుడు వాకిట్లో ఆపి చెప్పాడు: ఆ తొట్టిలో చేపలు బాగున్నన్నాళ్ళూ షెడ్డు జోలికి రానని.

"మాట బాగానే ఉండాది," అంటూ నటేశన్ లేచాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. నవ్వు అలాగే ఉంది గానీ చూపు తొట్ల మీదికి పోయింది. "బాగున్నన్నాళ్ళూ అన్నాడు చూడు, ఆడే ఉండాది మెలిక. నువ్విప్పుడు పళ్ళికొండ మీద పోయే బస్సెక్కి వేలూరుకే గదా పోయేది? ఒక పని చేసిపెట్టు నాయనా. ఆ ఆఫీసులో కొత్తగా ఏసీ పెట్టినారంట. సరిగ్గా తొట్టి మీదికే గాలి కొడతా ఉండాదంట. నిన్నటి నుంచి నాలుగు చేపలు మేత ముట్టకుండా, ఎండ పడే పక్క అద్దానికి మూతులు ఆనించి నిలబడినాయని వాచ్‌మన్ ఫోను చేసినాడు. నేను చెప్తే, మా ఆఫీసులో నువ్వెవరు చెప్పేదానికి అంటారు. నువ్వు చదువుకున్నోడి మాదిరి ఉండావు, చేతిలో పెన్నుండాది, వింటారు. తొట్టిని తూర్పు కిటికీ కాడికి జరపమని చెప్పు. జరిపేదాకా ఆడే నిలబడు. ఊరికే సరి సరి అంటారు, నమ్మి వచ్చేయొద్దు."

"ముందు కాఫీ తాగి పోనీ ఆ అబ్బిని," అంది లోపలి నుంచి పంకజమ్మ.

"కాఫీ వచ్చేటప్పుడు తాగుతాడులే. బస్సు పోతాది. పో నాయనా, పో. ఎండ పడతా ఉండంగానే పో."